మొదటి వాటాలో గొంతు

తలుపుకి గడియ పడిన చప్పుడు దగ్గర ఆగింది కిందటి వారం మన కథ. ఆ భాగం చేతికందనివారి కోసం నాలుగు మాటలు. బందరు కోనేరు సెంటర్లో ఒక మేడగది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు తయారుచేసే ప్రీతి, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల కార్ఖానా నడిపే జగన్మోహనరావుకి నిరుడు ఒక సైటు చేసిపెట్టింది. ఇన్నాళ్లూ అది బుద్ధిగానే పనిచేసింది. ఈ రెండువేల నాలుగు ఆషాఢంలో, సరిగ్గా శ్రావణమాసపు ఆర్డర్లు వచ్చే వేళకి, దానికేదో పట్టుకుంది. చిరునామా ముందు మూడు డబ్ల్యూలూ కొట్టినవాళ్లకి గాజులూ హారాలూ కనబడుతున్నాయి. అవి కొట్టకుండా ఉత్త పేరు కొట్టినవాళ్లకి నల్లటి పేజీ వస్తోంది. బొమ్మ లేదు, అక్షరం లేదు. కాసేపటికి స్పీకర్లలోంచి తలుపు తట్టిన చప్పుడు, దాని వెనక ఒక ముసలావిడ గొంతు. నాగపూరు వ్యాపారి ఒకాయన అది విని, మీ దుకాణంలో ఎవరన్నా పోయారా అని ఫోన్ చేసి అడిగాడు. జగన్మోహనరావు కొడుకు రాహుల్ హడావిడిగా ప్రీతిని పిలిపించాడు. ఆమె వాళ్ల ఆఫీసుగదిలో కూర్చుని ఆ పేజీ తెరిచింది. గొంతు వినబడింది. అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న జగన్మోహనరావు లేచి, కొడుకుని బయటికి పంపించి, తలుపు గడియ పెట్టాడు.

ఇప్పుడు ఆ గదిలో ఇద్దరే ఉన్నారు. కిటికీ అవతల ముసురు. కార్ఖానాలో రేకుమీద సుత్తి దెబ్బలు ఆగకుండా వినబడుతున్నాయి.

జగన్మోహనరావు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. భారీ మనిషి. గుడివాడ దగ్గర పల్లెలో మాగాణి చేసుకునే ఇంట్లో పుట్టి, ముప్ఫై ఏళ్ల కిందట చిలకలపూడి వచ్చి నగల వ్యాపారం పెట్టినవాడు. ఆయన గొంతు పెంచితే కార్ఖానాలో సుత్తులు ఆగుతాయని చెప్పుకుంటారు. ఇప్పుడు మాత్రం గుసగుసగా అడిగాడు.

"ఇది నీకెక్కడ దొరికిందమ్మా?"

"నాది కాదండి. నేను పెట్టింది కాదు."

"మళ్లీ వినిపించు."

ప్రీతి పేజీని మళ్లీ తెరిచింది. డయలప్ కనెక్షను. పేజీ నల్లబడి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చెక్కమీద వేలి కణుపులతో కొట్టినట్టు చప్పుడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. ఆ తర్వాత గొంతు, పాటా కాదు మాటా కాదు, రెంటికీ మధ్యన.

*తలుపు తియ్యి అప్పయ్యా, తడిసిపోయానూ. గొడుగు లేదు, గొంగళి లేదు, గూడు లేదు నాకూ.*

అంతే. తర్వాత నిశ్శబ్దం.

జగన్మోహనరావు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. 

"అది మా అమ్మ," అన్నాడు.

ప్రీతికి ఒక్కక్షణం అర్థం కాలేదు. వెంకాయమ్మగారిని ఆమె ఎరుగును. ఇందాక లోపలికి వస్తున్నప్పుడు కూడా చూసింది. వెనక వసారాలో మడతమంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది ఆవిడ. ఎనభై దగ్గరపడిన మనిషి. మెడ కింద ఎప్పుడూ ఒక తెల్లని పల్చటి గుడ్డ కట్టి ఉంటుంది. పలకరిస్తే తల ఊపుతుంది, నవ్వుతుంది. మాట్లాడదు.

"మామ్మగారు మాట్లాడరు కదండీ."

"తొంభై మూడులో మద్రాసు తీసుకెళ్లాం. గొంతులో పుండు. ప్రాణం దక్కాలంటే మాట పోక తప్పదన్నారు. ఊపిరి కోసం మెడలో కంత పెట్టి పంపించారు." ఆయన చేత్తో తన మెడ తడుముకున్నాడు. "ఆ తర్వాత ఆవిడ గొంతు ఎక్కడన్నా ఉంటుందేమోనని ఎంత వెతికానో తెలుసా? ఒక్క క్యాసెట్టు లేదు. ఈ ఇంటి గృహప్రవేశం వీడియోలో అమ్మ నోరు కదులుతుంటుంది. వీడియోవాడు దానిమీద సన్నాయి వేసేశాడు. ఆ పాట చిన్నప్పుడు నాకు వానాకాలం రాత్రిళ్లు పాడేది. కొంగ ఒకటి వానలో తడిసి, పడవ నడిపే అప్పయ్య గుడిసె తలుపు కొడుతుంది. అది ఎక్కడా ఉన్న పాట కాదు. మా అమ్మ సొంతంగా కట్టుకుంది. ఇంకెవరికీ తెలియదు."

ప్రీతి ముంజేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ప్రొటెస్టెంట్ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. దయ్యాల మాట ఎత్తితే తండ్రి దైవాధీనం మాస్టారు కేకలేసేవారు. అయినా ఆమె మనసులోనే ఒక చిన్న ప్రార్థన చేసుకుంది. చేసుకుని, తనకు తెలిసిన దారిలో ఆలోచించడం మొదలుపెట్టింది.

"నాకు తెలిసినంతవరకూ జరిగింది చెప్తాను, వినండి," అంది. "మన సైటుకి మనం తీసుకున్నది సొంతిల్లు కాదండి. హైదరాబాదులో ఒక కంపెనీవాళ్ల పెద్ద మిషను ఉంది, సర్వరంటారు. దాంట్లో కొన్ని వందల సైట్లు వాటాల్లో అద్దెకున్నట్టు ఉంటాయి. అందరిదీ ఒకటే డోరు నంబరు. వచ్చినవాడు ఏ పేరు అడిగితే ఆ మిషను వాడిని ఆ వాటాలోకి పంపించాలి. మొన్నామధ్య వాళ్లు పాత మిషను తీసేసి కొత్తది పెట్టారు. అందరి పేర్లూ మళ్లీ ఎక్కించారు. డబ్ల్యూలున్న మన పేరు ఎక్కించారు, డబ్ల్యూలు లేనిది ఎక్కించడం మర్చిపోయారు. తెలియని పేరుతో ఎవరన్నా వస్తే ఆ మిషను పొమ్మనదు. మొదటి వాటా ఎవరిదైతే వాళ్లింట్లోకి పంపించేస్తుంది."

"మొదటి వాటా ఎవరిది?"

"అదే తెలియడం లేదండి. మనం చూస్తున్నది వాళ్ల పేజీ. మనకి మాత్రం మన చిరునామానే కనబడుతుంది."

జగన్మోహనరావు తెరవైపు చూస్తూ ఉండిపోయాడు. నల్లటి తెరలో ఆయన ముఖమే ఆయనకు కనబడుతోంది.

"అయితే నువ్వు దీన్ని బాగుచెయ్యొద్దు," అన్నాడు.

"అదేంటండీ?"

"ఇలాగే ఉంచెయ్. ఆర్డర్లు పోతే పోనీ. నాకు రోజూ వినాలనుంది."

తలుపు అవతల రాహుల్ ఇదంతా వింటున్నట్టున్నాడు. "నాన్నా, పొద్దున్నే నేను కంపెనీకి ఫోన్ చేసి చెప్పేశాను. ఇవాళే సరిచేస్తామన్నారు," అన్నాడు. "శ్రావణం ముందు ఈ గొడవ మనకెందుకు?"

తండ్రి ప్రీతి చేయి మీద చేయి వేశాడు.

"ఆపించమ్మా."

ప్రీతి తన సెల్లు తీసి హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేసింది. అక్కడ ఎప్పుడూ ఆమెతో మాట్లాడేది విక్రమ్ అనే కుర్రాడు. ఒద్దికగా మాట్లాడతాడు.

"మీ కంప్లయింటు చూశాం మేడమ్. పేరు ఎక్కించేశాను. సర్వరు ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చాలు. ఇంకాసేపట్లో చేసేస్తున్నాం."

"కొంచెం ఆపగలరా?"

"ఆపడమెందుకు మేడమ్?"

ఎందుకో చెబితే నమ్మడు. "మొదటి సైటు ఎవరిదో దాని పేరు చెప్పండి, చాలు," అంది.

విక్రమ్ నీళ్లు నమిలాడు. "ఒక కస్టమరు పేరు ఇంకో కస్టమరుకి చెప్పకూడదు మేడమ్. ఉద్యోగం పోతుంది. రీస్టార్ట్ ఆపడం కూడా నా చేతుల్లో లేదు. మీ ఒక్కరిదే కాదు, ఇంకా చాలామందివి అలాగే పాడయ్యాయి."

ఫోన్ పెట్టేసి ప్రీతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంకాసేపట్లో ఆ పేరు కొడితే నగల పేజీ వస్తుంది. గొంతు రాదు. ఆ గొంతు ఎక్కడికీ పోదు, తన వాటాలో తాను ఉంటుంది. కానీ దాని గుమ్మం ఏదో మనకు తెలియదు. వందల పేర్లలో ఏదని వెతుకుతాం?

జగన్మోహనరావు లేచి వెనకవైపు తలుపు తీసుకుని వసారాలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. తాను వినగా ఆవిడ వినకుండా ఆ గొంతు పోవడం ఆయనకు భరించరానిదిగా తోచినట్టుంది.

"కూర్చోండి మామ్మగారూ," అని ప్రీతి తన కుర్చీ ఇచ్చింది. వెంకాయమ్మ కూర్చుని కంప్యూటరువైపు, ఆ తర్వాత కొడుకువైపు చూసింది. చింతపండు చేతులు కొంగుకి తుడుచుకుంది. మెడమీది గుడ్డ ఊపిరికి లోపలికీ బయటికీ ఆడుతోంది.

"వినిపించమ్మా," అన్నాడు ఆయన.

పేజీ నల్లబడింది. అంతా ఎదురుచూశారు. ఆ ఎదురుచూపులో ప్రీతి అనుకోకుండా ముసలావిడ ముఖంవైపు చూసింది. అక్కడే ఆమె చూపు అతుక్కుపోయింది.

దెబ్బలు మొదలయ్యాయి. రెండు, ఆగి ఒకటి. గొంతు రావడానికి ముందే వెంకాయమ్మ పెదవులు కదిలాయి. *తలుపు తియ్యి* అన్నాయి పెదవులు, ఆ వెంటనే స్పీకరు అంది. *అప్పయ్యా* అన్నాయి, స్పీకరు అంది. స్పీకరు పాడుతుంటే ముసలావిడ పెదవులు కలిపినట్టు కాదు. గొంతులేని మనిషి మాట ఆడితే ఆ మాట పక్కనున్న పెట్టెలోంచి వినబడుతున్నట్టుంది. ప్రీతి వెనక్కి జరిగింది. గోడ తగిలింది.

*గూడు లేదు నాకూ* దగ్గర స్పీకరు ఆగిపోయింది. వెంకాయమ్మ పెదవులు ఆగలేదు. చప్పుడు లేకుండా ఇంకా ఏదో అంటూనే ఉన్నాయి. మెడ దగ్గర గుడ్డ గబగబా కొట్టుకుంటోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ ముఖంలో ఏడుపు లేదు.

"రెండో చరణం," అన్నాడు జగన్మోహనరావు మెల్లిగా. తల్లి పెదవులవైపు చూస్తూ ఆ మాటలు పైకి అన్నాడు. "కళ్లు మూసి చూడవే అమ్మా, కాళ్ల చప్పుడు కనబడుతుందీ. ఈ మాట నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. మగపిల్లాణ్ని నన్ను పట్టుకుని 'చూడవే అమ్మా' అంటుందేంటి, కాళ్ల చప్పుడు కనబడ్డమేంటి అని నవ్వేవాణ్ని."

ఆ గదిలో ఇక నిలబడలేనేమో అనిపించింది ప్రీతికి. చేతులు ఊరుకుంటే భయం పెరుగుతుంది. అందుకని పనిలో పెట్టింది. పక్కనున్న హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆ గొంతును మళ్లీ చివరిదాకా వింది. ఈసారి పాట వినలేదు. పాట వెనక ఏముందో వింది. ఫ్యాను తిరుగుతున్న రొద. ఎక్కడో కోడి. చివర్లో, గొంతు ఆగిపోయాక, చాలా దూరంనుంచి సన్నగా ఒక మోత. ఇంకోసారి వింది. ఆ మోత ఆమెకు బాగా తెలుసు. తన సెల్లులోనూ అదే ఉంది.

హెడ్‌ఫోన్ తీసేసింది. "సార్, మామ్మగారి ఆపరేషను తొంభై మూడులో అన్నారు కదండీ?"

"అవును."

"దీంట్లో వెనక ఎవరిదో సెల్‌ఫోన్ మోగుతోంది."

ఆయనకు ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. తొంభై మూడులో బందరులో సెల్‌ఫోన్లెక్కడివి? హెడ్‌ఫోన్ లాక్కుని తానూ విన్నాడు. విని తల్లివైపు చూశాడు. చూసిన చూపులో ఇందాకటి ఆశ లేదు.

"ఇది అమ్మ కాదా?"

"కాదండి. ఈమధ్య ఎవరో మాట్లాడింది."

"అమ్మ గొంతుతో ఎవరు మాట్లాడతారు?"

ఆ మాటకి వెంకాయమ్మ కొడుకు చొక్కా పట్టుకుంది. తెరవైపు చూపించి, అరచెయ్యి ముందుకీ వెనక్కీ ఊపింది. *పోనివ్వకు* అనో, *పోదాం పద* అనో. ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ మళ్లీ మళ్లీ అలాగే ఊపింది.

విక్రమ్ చెప్పిన ఇంకాసేపు అయిపోవస్తోంది. ప్రీతి కుర్చీలేకుండానే వంగి నిలబడి కీబోర్డు దగ్గరికి జరుపుకుంది. ఆ మిషనుకి తెలియని పేరు చెప్పి లోపలికి వెళ్లాం. లోపలున్నవాళ్లని మీ పేరేంటని అడగడమెలా? ఉన్న పేజీ అడిగితే పేజీ ఇచ్చి ఊరుకుంటుంది. లేని పేజీ అడిగితే?

అక్కడ ఆమెకు తట్టింది. లేనిది అడిగినప్పుడు సర్వరు ఉత్తినే 'లేదు' అని చెప్పి ఊరుకోదు. ఆ మాట చెబుతున్నది ఎవరో, కింద చిన్న అక్షరాలతో సంతకం పెడుతుంది. ఆ సంతకం ఎవరూ పట్టించుకోరు. తను కూడా ఎన్నడూ పట్టించుకోలేదు.

చిరునామా చివర ఒక గీత గీసి, తోచిన మాట కొట్టింది. *ఎవరు* అని. ఎంటర్ నొక్కింది.

మోడెమ్ లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. తెర ఈసారి తెల్లబడింది. మీరడిగినది ఇక్కడ లేదని పెద్ద అక్షరాలు. వాటి కింద అడ్డగీత. గీత కింద, ఏటవాలుగా, సర్వరు సంతకం. అందులో జగన్మోహనరావు పేరు లేదు, నగల కంపెనీ పేరు లేదు.

"ఆలకించు," అని చదివింది ప్రీతి. "ఆలకించు డాట్ ఓఆర్‌జీ. ఇంగ్లీషులో రెండు 'ఏ' అక్షరాలతో మొదలవుతుంది. అందుకే అందరికన్నా ముందు వాటా వచ్చింది వాళ్లకి."

తలుపు మీద రాహుల్ కొట్టాడు. "ప్రీతి గారూ, సరైపోయిందండీ. పక్కగది కంప్యూటరులో, రెండో లైనుమీద చూశాను. డబ్ల్యూలు లేకుండా కొట్టినా మన గాజులే వస్తున్నాయి."

జగన్మోహనరావు ఆమె చేతిలోంచి మౌసు అందుకుని తానే ఆ పాత పేరు తెరిచాడు. మెల్లిగా, పైనుంచి కిందికి, పచ్చగా మెరుస్తూ గాజుల వరస దిగింది.

"పోయింది," అన్నాడు.

"పోలేదండి. ఇప్పుడు వాళ్ల గుమ్మంలోంచే వెళ్దాం."

ప్రీతి కొత్త పేరు కొట్టింది. అదే నలుపు, అదే చప్పుడు, అదే గొంతు. ఈసారి ఆమెకు భయం వెయ్యలేదు. ఆ నలుపు కూడా వేరుగా కనబడింది. బొమ్మలూ అక్షరాలూ ఎందుకు లేవు? ఉన్నా చూడలేనివాళ్ల కోసం చేసిన పేజీయేమో. ఏ పేరును ఎవరు రిజిస్టరు చేయించుకున్నారో చెప్పే సైటు ఒకటుంది. అందులో ఈ పేరు వేసింది. మనిషి పేరు, ఊరు, ఫోన్ నంబరు వచ్చాయి.

"నాగాయలంకండి. చూపులేని పిల్లల బడి. పేరు సరోజిని."

కుర్చీ కిర్రుమంది. వెంకాయమ్మ లేచి నిలబడింది. ఒక చెయ్యి చాచి, నేలకి ఇంతెత్తున గాలిలో ఆపింది, చిన్నపిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టినట్టు. తర్వాత ఆ చెయ్యే తెచ్చి తన రెండు కళ్లమీద కప్పుకుంది. కప్పుకుని అలాగే నిలబడింది.

జగన్మోహనరావు తల్లివైపు ఒక అడుగు వేశాడు.

"మా అక్క పేరు సరోజిని," అన్నాడు. "నేను పాలు తాగే రోజుల్లో అమ్మవారు పోసి చచ్చిపోయిందని చెప్పారు. మా నాన్న చెప్పాడు. పండక్కి కూడా ఆ పేరు ఎత్తనిచ్చేవాడు కాదు."

తల్లి కళ్లమీంచి చెయ్యి తీసింది. తల అడ్డంగా ఊపింది. చావలేదు. మళ్లీ కళ్లు మూసి చూపించింది. కళ్లు పోయాయి. అంతే. రెండు చేతులూ చాచి, ఎత్తుకున్న బిడ్డను ఎవరికో అందించినట్టు చూపించింది. అందించిన తర్వాత ఆ చేతులు వెనక్కి రాలేదు.

"నాన్న ఇచ్చేశాడా? ఎవరికి?"

ఆవిడ తల వంచుకుంది. నోరున్నన్నాళ్లూ భర్తకు భయపడి చెప్పలేకపోయిన మాట, నోరు పోయాక, అక్షరం రాని ఆవిడకి చెప్పే దారి లేకపోయింది. చూడవే అమ్మా అని ఎవరిని అనేదో, కాళ్ల చప్పుడు ఎవరికి కనబడేదో ఆ కొడుక్కి ఇన్నేళ్లకు తెలిసింది. అక్క కోసం కట్టిన పాట పాడించుకుని తాను నిద్రపోయాడు.

ప్రీతి నెట్ కట్ చేసింది. లైను ఖాళీ అయింది. "చేస్తారా, నేను చెయ్యనా?" అంది. ఆయన ఫోన్ ఆమెవైపు జరిపాడు. ఆమే నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు మీట నొక్కింది.

చాలాసేపు మోగింది. ఎత్తారు.

"హలో."

ఇందాకటి గొంతే. ప్రాణమున్న గొంతు, వంటిల్లో పనిలోంచి లేచొచ్చినట్టు కాస్త ఆయాసంతో.

"సరోజిని గారేనాండీ?" అంది ప్రీతి.

"అవునమ్మా. ఎవరు?"

"బందరు నుంచండి. మీ పేజీలో పాట విన్నాం..."

ఆమె మాట పూర్తికాలేదు. వెంకాయమ్మ ముందుకొచ్చింది. ఫోన్ పక్కన బల్లమీద వేలి కణుపులతో కొట్టింది. రెండు దెబ్బలు. ఆగి, ఒకటి.

అవతల ఊపిరి కూడా వినబడలేదు. లైను తెగిందేమో అనుకుంది ప్రీతి. వెంకాయమ్మ మళ్లీ కొట్టింది. అప్పుడు ఫోన్లోంచి, చాలా నెమ్మదిగా, పసిపిల్ల పలికినట్టు ఒక్కొక్క మాటా వచ్చింది.

"కళ్లు మూసి చూడవే అమ్మా. కాళ్ల చప్పుడు కనబడుతుందీ."

ఆ చరణం పేజీలో లేదు. వెంకాయమ్మ బల్ల అంచు పట్టుకుని చెంప ఫోనుకి ఆనించింది.

"ఎవరది?" అంది అవతలి గొంతు. "ఆ దెబ్బ మా అమ్మది. నా పేజీ విన్నవాళ్లెవరూ అచ్చం అలా కొట్టలేరు. పోయిన మనిషి చెయ్యి అక్కడెలా ఉంది?"

"పోలేదు," అన్నాడు జగన్మోహనరావు. "అమ్మ ఇక్కడే ఉంది, నా పక్కన. మీకెవరు చెప్పారు పోయిందని?"

"మా తమ్ముడు."

"ఏ తమ్ముడు?"

"నాకెంతమంది బాబూ, ఒక్కడేగా. జగన్. జగన్మోహనరావు." ఆ పేరు చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ప్రేమ పొంగింది. "ఎలా కనుక్కున్నాడో ఏమో, వెతుక్కుంటూ వచ్చి అక్కా అన్నాడు. వచ్చిన రోజే అమ్మ సంగతి చెప్పి ఏడ్చాడు. బడికి ఈ కంప్యూటరు తెచ్చిపెట్టిందీ, నా చేత పాడించి అందులో ఎక్కించిందీ వాడే. చిలకలపూడిలో పెద్ద నగల వ్యాపారమట."

జగన్మోహనరావు ప్రీతివైపు చూశాడు. ప్రీతి ఆయనవైపు చూసింది. చూపులేని మనిషికి ఎవరు ఏ పేరు చెప్పుకుని వచ్చినా ఆ పేరే మనిషి.

"ఆయన మళ్లీ ఎప్పుడొస్తారండీ?" అంది ప్రీతి.

"రావడమేంటమ్మా, ఇక్కడే ఉన్నాడు. భోంచేసి ఇప్పుడే నడుం వాల్చాడు. ఉండండి, పిలుస్తాను. తమ్ముడూ, ఇటు రా. అమ్మ బతికే ఉందంటున్నారు ఎవరో."

నులకమంచం కిర్రుమంది. తొందరలేని అడుగులు దగ్గరికొచ్చాయి. ఫోను చేతులు మారింది.

"హలో," అన్నాడు ఒక మగమనిషి. "జగన్మోహనరావునండీ. ఎవరు మాట్లాడేది?"

ఆ గొంతు జగన్మోహనరావుకి తెలియదు. ప్రీతికీ తెలియదు. వెంకాయమ్మ మాత్రం దాన్ని గుర్తుపట్టి, ఫోన్ నుంచి చెంపను నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంది. కొడుకు ఆపేలోపలే రెండు చేతులతోనూ ఫోన్ మీద బలంకొద్దీ నొక్కి, లైను తెంపేసింది.